మెట్టుగూడ మొరం ఉండగా సంచి మట్టి ఎందుకు?

మొక్కల దుకాణాల్లో ఇప్పుడు ‘కాక్టస్ మిక్స్’ అని అచ్చేసిన సంచులు వరసగా పేర్చి పెడుతున్నారు. విప్పి చూస్తే ముప్పాతిక వంతు కొబ్బరి పొట్టు, పైన గుప్పెడు తెల్లటి పెర్లైట్ గుళికలు. మట్టి అన్నది మచ్చుకైనా కనిపించదు. ఈ కాలం పిల్లలు వందల రూపాయలు పోసి ఆ సంచి కొంటారు. తెచ్చిన జెముడు మొక్కను అందులోనే నాటుతారు. వేసవంతా అది పచ్చగానే ఉంటుంది. శ్రావణంలో ముసురు పట్టగానే మొదలు మెత్తబడి ఒక పక్కకు ఒరిగిపోతుంది. “నా చేతికి మొక్కలు రావు” అనుకుని ఆ పిల్లలు కుండీని మూలకు నెట్టేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. లోపం వాళ్ల చేతిలో లేదు, ఆ సంచిలో ఉంది.

మా రోజుల్లో జెముడుకు మట్టి కొనడం అన్న మాటే లేదు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో, లాలాగూడ దాకా, ఏ వరండా చూసినా నాలుగు డాల్డా డబ్బాలైనా ఉండేవి. అడుగున మేకుతో చిల్లులు కొట్టి, ఒకదాంట్లో కలబంద, ఒకదాంట్లో రణపాల, ఇంకోదాంట్లో ఎవరో ఇచ్చిన ముళ్ల జెముడు పెట్టేవాళ్లం. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఇళ్ల ముందైతే మెట్టు మెట్టుకూ ఒక మట్టికుండీ ఉండేది. వాటిలో పోసిన మట్టి అంతా నాలుగు అడుగుల దూరంలో దొరికిందే. గుట్ట వారన తవ్విన మొరం, గోడ కట్టగా మిగిలిన ఇటుక ముక్కలు, వేపచెట్టు కింద చివికిన ఆకు, రైలు పట్టాల పక్కన పోసిన బొగ్గు కిట్టం. అంతే. ఆ మొక్కలు ఏళ్లకేళ్లు బతికాయి. ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్లు పక్కింటివాళ్లకు పిలకలు పంచి మరీ వెళ్లేవారు.

మొన్న మా పై అంతస్తు అమ్మాయి కుళ్లిన మొక్కను పట్టుకొచ్చింది.

“తాతా, వారానికి ఒక్కసారే నీళ్లు పోశాను. అయినా ఎందుకు పోయింది?”

కుండీని బోర్లించి వేళ్ల ముద్దను బయటికి తీశాను. పైన అంగుళం మేర ఎండి గరగరలాడుతోంది. లోపల వేలు పెడితే చల్లగా, తడిగా ఉంది. పిండితే నీళ్లు కారాయి. వేళ్లు గోధుమరంగు దారాలై చేతికి ఊడొచ్చాయి.

“బిడ్డా, నువ్వు పోసింది వారానికి ఒకసారే. కానీ ఈ పొట్టు ఆ నీళ్లను పది రోజులైనా వదల్లేదు. నీ లెక్క సరైందే, అది తాగిన లెక్క వేరు,” అన్నాను.

కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టుకుంటుంది. టమాటా నారు, మిరప నారు ట్రేలలో పెంచడానికి అది మంచిదే, నేను కాదనను. ఆ మొలకలకు ఎడతెగని తడి కావాలి. జెముడుకు కావలసింది దానికి నేరుగా వ్యతిరేకం. ఈ జాతి మొక్కలు పగటిపూట ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. రాత్రి పట్టిన బొగ్గుపులుసు గాలిని ఆమ్లంగా దాచుకుని, మర్నాడు ఎండలో దాంతో వంట చేసుకుంటాయి. ఒంట్లో నీళ్లు నిలవ ఉంచుకునే మొక్కకు బయట నీళ్ల నిలవ అక్కర్లేదు. కరువులో సన్నటి వేళ్లను తానే రాల్చేసుకుని, వాన పడగానే కొత్త వేళ్లు వేస్తుంది. ఆ వేళ్లకు తడి ఒక పూట, గాలి మిగతా అన్ని పూటలా కావాలి. గాలి అందని తడిలో బూజు తెగుళ్లు వేళ్లను తినేస్తాయి. పైకి కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది.

హైదరాబాదులో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఆ నాలుగు నెలలు గాలిలోనే చెమ్మ ఉంటుంది, పోసిన నీరు ఆరదు. పొడి గాలి దేశాల్లో ఎవరో వాడి బాగుందన్న మట్టి ఇక్కడి బాల్కనీలో, ఇక్కడి ముసురులో ఎలా పనికొస్తుంది? ఈ ఊరి వానను తట్టుకునే మట్టి ఈ ఊరి నేలలోనే ఉంది. ఇంతకాలంగా నేను మొత్తుకుంటున్నది అదే.

మన కాళ్ల కింద ఏముందో చూడండి. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ 1939లో ప్రారంభమైంది. దాని గులాబీ రంగు గోడలూ గ్రానైటువే. అలాంటి రాయే ఎండకూ వానకూ లక్షల ఏళ్లు ఎండి, నాని, పగిలి, పొడై మొరం అయింది. గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెల్లగా జిగట మట్టిగా మారుతుంది. క్వార్ట్జ్ మాత్రం మారదు, గరుకు రవ్వగా మిగిలిపోతుంది. ఇనుము తుప్పు పట్టి ఎర్ర రంగు ఇస్తుంది. ఇంకా పూర్తిగా కరగని ఫెల్డ్‌స్పార్ ముక్కల్లోంచి మొక్కకు కొద్దికొద్దిగా పొటాషియం అందుతుంది. నీళ్లు జారిపోయే రవ్వ, వేరు పట్టుకునే గరుకుదనం, కాస్త పోషకం ఇవన్నీ ఒకే తట్టలో ఉన్నాయి.

మేం ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకునే రోజుల్లో తార్నాక వైపు నుంచి నడిచి వెళ్తుంటే దారి పొడవునా బండరాళ్లు, వాటి సందుల్లో మొరం, ఆ మొరంలో మొలిచిన మొక్కలు కనిపించేవి. వానాకాలం పోయాక బండ సందుల్లో కుందేటి కొమ్ములు నిలువుగా లేచేవి. ఆ మొక్కను సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద తాను రాసిన గ్రంథంలో 1795లోనే బొమ్మతో సహా వర్ణించాడు. కరువు రోజుల్లో పల్లె జనం దాని కాడలు తిని ఆకలి తీర్చుకున్నారు. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ ఎరువు వేయలేదు. గుట్టల మీద బొంతజెముడు, చేల గట్ల మీద కాడజెముడు, కంచెల్లో కిత్తనార, ఇంటి ముందు ఆకుజెముడు అన్నీ ఆ గరుకు నేలలోనే పెరిగాయి. ఏ నేలలో ఏది బలంగా ఉందో చూస్తే చాలు, దానికి ఏం కావాలో అదే చెబుతుంది. అప్పటి పిల్లలకు అలా చూసే తీరిక ఉండేది. ఇప్పుడు మెట్రో స్టేషన్ దిగి నేరుగా లిఫ్టు ఎక్కే పిల్లలకు నేల కాలికి తగలడమే తక్కువైపోయింది.

నాగజెముడు కథ ఒక్కటి చాలు నా మాట నిజమని చెప్పడానికి. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. ఎర్ర రంగునిచ్చే పురుగుల కోసం ఈస్టిండియా కంపెనీవాళ్లు జెముడు జాతులను మద్రాసులో పెంచిన రోజులున్నాయి. అది కంచెలు దాటి, బీళ్లు దాటి, పొలాల్లోకి పాకి రైతులను ఊపిరాడకుండా చేసింది. చివరికి 1926లో సింహళం నుంచి ఒక జాతి పురుగును తెచ్చి వదిలితే గానీ దక్షిణాదిన దాని పొగరు అణగలేదు. పరాయి దేశపు జెముడు మన బీళ్లలో పురుగులు తెచ్చి చంపాల్సినంతగా పెరిగింది. అదే జెముడు జాతి మొక్క మన బాల్కనీలో ఒక వానాకాలం దాటడం లేదు. తేడా నేలలో లేకపోతే మరెక్కడుంది?

ఇక మట్టి కలపడం గురించి చెబుతాను. పద్ధతిగా చేస్తే ఇది ఒక పూట పని.

మొరం మూడు పాళ్లు తీసుకోండి. సెల్లారు కోసమో బోరు కోసమో తవ్వుతున్న చోట పై మట్టి పోయాక వచ్చే గరుకు ఎర్ర మొరం మంచిది. దాన్ని ముందు ఇసుక జల్లెడలో పోసి పెద్ద రాళ్లు తీసేయండి. తర్వాత పిండి జల్లెడలో పోసి కింద పడిన మెత్తటి దుమ్మును పక్కన పెట్టండి. ఈ రెండో జల్లెడే అసలు పని. ఆ దుమ్ములోనే జిగట ఉంటుంది. దాన్ని మొరంలోనే ఉంచేస్తే రవ్వల సందుల్ని పూడ్చి కుండీని గచ్చులా చేస్తుంది. జల్లెడలో మిగిలిన జొన్నగింజంత, శనగగింజంత రవ్వే మనకు కావలసింది. ఆ దుమ్మును పారేయకండి, గులాబీ కుండీలో వేయండి.

దొడ్డు ఇసుక ఒక పాలు. ఒకప్పుడు వాగు ఇసుక ఎక్కడైనా దొరికేది. ఇప్పుడు ఇళ్లు కట్టేవాళ్లకే అది దొరకడం లేదు, అంతా రోబో సాండ్. దాన్నే వాడుకోవచ్చు. కానీ అందులో రాతి పొడి చాలా ఉంటుంది. బకెట్‌లో పోసి, నీళ్లు పోసి కలియబెట్టి, పైన తేలిన బూడిద నీళ్లు పారబోయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. సముద్రపు ఇసుక జోలికి పోకండి, ఉప్పు ఉంటుంది.

ఇటుక ముక్కలు ఒక పాలు. బాగా కాలిన ఎర్ర ఇటుకను గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టి, శనగగింజంత చేయండి. ఇటుక తన రంధ్రాల్లో కాస్త చెమ్మ దాచుకుని అవసరమైనప్పుడు వదులుతుంది, చుట్టూ గాలి మాత్రం ఆడుతూనే ఉంటుంది. అయితే పాత గోడ కూల్చిన ఇటుకలకు సున్నం, సిమెంటు అంటుకుని ఉంటాయి. అవి వద్దు. చాలా జెముళ్లకు సున్నం పడదు. మొరంలో తెల్లటి సున్నపు గడ్డలున్నాయేమో అని అనుమానం వస్తే ఒక ముక్క మీద నిమ్మరసం పిండి చూడండి. బుసబుస నురగ వస్తే ఆ మొరం వేరే పనికి వాడుకోండి.

చివికిన ఆకు ఎరువు ఒక పాలు. కానుగ, వేప, నిద్రగన్నేరు ఆకులు కుప్పపోసి తడిపి ఏడాది ఉంచితే నల్లగా, పొలపొలా రాలే ఎరువవుతుంది. అది లేకపోతే బాగా మాగిన పశువుల ఎరువో, వానపాముల ఎరువో సగం పాలు చాలు. పచ్చి పేడ తగిలితే వేరు మాడుతుంది. ఎక్కువ బలం పెడితే జెముడు ఉబ్బి, పగిలి, ముళ్లు పలచబడి అందం చెడుతుంది. దానికి ఆకలి తక్కువ, ఆ సంగతి మనం గౌరవించాలి.

చివరగా గుప్పెడు వేపపిండి, గుప్పెడు కట్టెబొగ్గు ముక్కలు. వేపపిండి వేరుపురుగును దూరంగా ఉంచుతుంది.

మా రోజుల్లో ఇటుకతో పాటు బొగ్గు కిట్టం వేసేవాళ్లం. ఆవిరి ఇంజన్ల నుంచి రాల్చిన కిట్టం నిండా సన్నటి రంధ్రాలుండేవి. తేలిక, గరుకు, ఎన్నేళ్లైనా చివకదు. దాన్ని తెచ్చి ఒక వానాకాలమంతా ఆరుబయట పోసి ఉంచేవాళ్లం. వానకు దానిలోని గంధకం, ఉప్పు కడుక్కుపోయేవి. ఆ తర్వాతే కుండీలోకి. 1995తో దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ల సర్వీసు ముగిసింది, కిట్టమూ పోయింది. దాని స్థానంలో ఇప్పుడు ప్యూమిస్ అనే అగ్నిపర్వతపు రాయిని ఎక్కడెక్కడి నుంచో తెప్పించి అమ్ముతున్నారు. మంచి వస్తువే. కానీ ఆ పనిని మన ఇటుక ముక్క కూడా చేస్తుందని ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇటుక ముక్కకు ప్రకటన ఉండదు.

కలిపిన మట్టిని వెంటనే వాడకండి. వైశాఖంలోనే కలిపి, తడిపి, డాబా మీద పలచగా పరిచి, పైన పారదర్శక ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులు ఇటుకలతో బిగించండి. 40 డిగ్రీలు దాటే మన ఎండకు పట్టా కింద మట్టి మరింత కాగిపోతుంది. మూడు నాలుగు వారాల్లో పురుగుల గుడ్లు, కలుపు గింజలు, చాలా రకాల బూజులు నశిస్తాయి. మా అమ్మ తరం పట్టా లేకుండానే మట్టిని ఎండబెట్టేది. ఎండ విలువ వాళ్లకు తెలుసు. వడియాలకూ ఆవకాయకూ ఎండను వాడుకునే మనం మట్టికి వాడుకోవడం మరిచిపోయాం.

మట్టి కుదిరిందో లేదో చేతితోనే తెలుసుకోవాలి. పిడికెడు తీసుకుని తడిపి గట్టిగా పిసకండి. పిడికిలి విప్పగానే పొలపొలా రాలిపోతే కుదిరినట్టు. ముద్దగా నిలబడితే ఇంకో పాలు మొరం కలపండి. తర్వాత కుండీలో పోసి లోటాడు నీళ్లు వంపండి. పైన మడుగు కట్టకుండా, పది లెక్కపెట్టేలోపు కింద చిల్లులోంచి నీళ్లు కారాలి. ఈ రెండు పరీక్షల్లో నెగ్గిన మట్టికి ఏ అచ్చు పేరూ అక్కర్లేదు.

ఇప్పుడు కుండీల గురించి. చిల్లు లేని పింగాణీ కప్పుల్లో, గాజు గిన్నెల్లో జెముడు పెట్టి పుట్టినరోజు బహుమతిగా ఇస్తున్నారు. అడుగున గులకరాళ్లు వేశాం కదా, నీళ్లు అందులోకి దిగిపోతాయి అంటారు. దిగవు. సన్నటి రవ్వ పట్టుకున్న నీరు కింద పెద్ద రాళ్లు తగలగానే అక్కడే ఆగుతుంది. పై మట్టి పూర్తిగా నానితే తప్ప కిందికి జారదు. అంటే ఆ రాళ్ల వరస తడిని వేళ్లకు ఇంకా దగ్గరికి తెచ్చింది. మా పెద్దలు చిల్లు మీద ఒక పెంకు ముక్క బోర్లించేవారు, మట్టి కారిపోకుండా. ఆపైన కింద నుంచి మీద దాకా ఒకే మట్టి. వాళ్లకు సూత్రం పేరు తెలియకపోయినా పని తెలుసు.

కుమ్మరి చేసిన మట్టికుండీ గోడలోంచి చెమ్మ బయటికి ఆవిరవుతుంది. మన వానాకాలానికి అంతకంటే మంచి పాత్ర లేదు. చిల్లు లేని కప్పుల కంటే దారుణం, మొక్కకు రంగు పూసి అమ్మడం. ముళ్లకు నీలం, ఒంటికి గులాబీ. ఊపిరి తీసుకునే చర్మానికి రంగు పూస్తే మొక్క ఎండను అందుకోలేదు. పైన రాళ్లను జిగురుతో అతికించి గట్టి పలకలా చేసి అమ్ముతున్నారు. నీళ్లు పోయడానికీ దారి లేదు, గాలి ఆడటానికీ దారి లేదు. ప్రాణమున్నదాన్ని బొమ్మలా అమ్ముతుంటే కొనేవాళ్లైనా అడ్డుచెప్పాలి. అలాంటి మొక్క ఇంటికొస్తే ఆ రోజే జిగురు రాళ్లు ఊడదీసి, పాత పొట్టు దులిపి, వేళ్లను నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి, కొత్త మట్టిలో నాటండి. నాటాక వారం దాకా చుక్క నీరు పోయకండి. తెగిన వేళ్ల గాయాలు మానాలి.

డాబా మీద బరువు మోయలేని పాత ఇళ్లున్నాయి, అది నిజం. మొరం బరువైనదే. అలాంటి చోట ఇటుక, బొగ్గు పాళ్లు పెంచుకుని మొరం తగ్గించుకోవచ్చు. కావాలంటే కాస్త పెర్లైట్ కూడా వేసుకోవచ్చు. దానిమీద నాకు కోపం లేదు. నా కోపమంతా చూడకుండా కొనే అలవాటు మీద, మట్టిని పట్టుకోవడమే మురికి పని అనుకునే చదువు మీద. మా వీధిలోనే ఒక పక్క లారీలకు లారీల మొరం తవ్వి ఊరవతల పారబోస్తున్నారు. అదే వీధిలో ఇంకో పక్క కొబ్బరి పొట్టు సంచి ఇంటికి తెప్పించుకుంటున్నారు. ఆకులు ఊడ్చి మంట పెట్టి పొగ పీలుస్తారు, మళ్లీ ఎరువు కోసం డబ్బు పెడతారు. ఇదంతా తెలియక జరుగుతున్నది. చెప్పేవాళ్లు నోరు మూసుకున్నందుకు జరుగుతున్నది.

అందుకే నాతోటి పెద్దవాళ్లకు ఒక మాట. మన చేతులకు ఈ పని తెలుసు. కాలనీలో ఒక ఆదివారం జల్లెడ, పార, నాలుగు తట్టలు బయట పెట్టండి. పిల్లల్ని పిలిచి మొరం జల్లించండి. రవ్వ ఏదో, దుమ్ము ఏదో వాళ్ల వేళ్లకే తెలియనివ్వండి. స్కూలు టీచర్లు, కాలేజీ లెక్చరర్లు క్లాసు గదిలో నేలల పాఠం చెప్పాక అర గంట బయటికి తీసుకెళ్లి రాయి మట్టిగా మారిన చోటును చూపించండి. పిల్లలకు నా మాట ఇంకోటి. సంచి కొనేముందు లోపల ఏముందో అడగండి. కొబ్బరి పొట్టు అని చెబితే నారు పెంచేవాళ్లకు వదిలేసి వచ్చేయండి. మీ ఇంటి చుట్టూ ఎక్కడ తవ్వుతున్నారో కనుక్కుని, అక్కడి మేస్త్రీని అడిగి, రెండు బస్తాల మొరం తెచ్చుకోండి. ఈ ఏడాది మండుటెండలోనే కలిపి పెట్టుకోండి. తొలకరికి ముందే మీ జెముళ్లన్నీ ఆ మట్టిలో ఉండాలి.